షుగరు మాత్ర

జెరికా నోబుల్ డిగ్రీ మార్కులు మా టాలివర్ క్రీక్‌లో తెలియనివాళ్లు లేరు. నాలుగుకి రెండు పాయింట్ నాలుగు ఒకటి. ఇది ఊరంతా పాకడానికి కారణం వేరే ఎవరో కాదు, జెరికానే. "ఇన్నేళ్లుగా మందుల షాపులోనే పని చేస్తున్నావు కదమ్మా, ఆ ఫార్మసీ చదువేదో చదవకూడదూ" అని ఎవరైనా జాలిగా అడిగితే, మొహం చాటేయకుండా అంకె చెప్పేసేది. "రెండు పాయింట్ నాలుగు ఒకటి. వాళ్లు గుమ్మం తొక్కనివ్వరు." అడిగినవాళ్లే ఇబ్బందిపడి, వానల గురించి రెండు మాటలు మాట్లాడి జారుకునేవారు.

ఆ మార్కులు అలా ఎందుకొచ్చాయో కూడా దాచిందేమీ లేదు. మా తూర్పు కెంటకీ కొండల పిల్లలకి ఒక జబ్బుంది. ఎక్కడికి చదువుకి పంపించినా శుక్రవారం మధ్యాహ్నానికల్లా కారెక్కి ఇంటికొచ్చేస్తారు. వచ్చాక అమ్మ చేసిన మొక్కజొన్న రొట్టె, ఉడకబెట్టిన చిక్కుడు గింజలు తిని, ఆదివారం చర్చికెళ్లి, సోమవారం వెళ్దాంలే అనుకుని మంగళవారం బయల్దేరతారు. పద్దెనిమిదేళ్ల జెరికా మూడు గంటల దూరంలో ఉన్న కాలేజీలో చేసింది సరిగ్గా అదే. ఆర్గానిక్ కెమిస్ట్రీ క్లాసు సోమవారం పొద్దున్నే ఉండేది. ఇక చెప్పేదేముంది, అది తప్పింది. మిగతావి గట్టెక్కాయి గానీ, అంతంతమాత్రంగానే. ఎలాగో పట్టా పుచ్చుకుని ఇంటికొచ్చి, డెన్వర్ కాడిల్ గారి మందుల షాపులో చేరింది.

కాడిల్ గారిని ఊళ్లో అందరూ డాక్ అనే పిలుస్తారు. ఆయన షాపులో రాసి పెట్టని చట్టాలు రెండు. మొదటిది, పళ్ళెంలో మాత్రలు లెక్కపెడుతున్న మనిషిని పలకరించకూడదు. చిన్న బద్దతో ఐదేసి చొప్పున పక్కకి జరుపుతూ ఐదు, పది, పదిహేను అని లెక్కపెడుతున్నప్పుడు అమెరికా అధ్యక్షుడు వచ్చినా నిలబడాల్సిందే. రెండోది, మందు గురించి మాట్లాడే హక్కు డాక్‌కి ఒక్కడికే. జెరికాలాంటి పనివాళ్లు మాత్రలు నింపొచ్చు, చీటీ అంటించొచ్చు, సంచీ చేతికివ్వొచ్చు. కానీ "ఇది పనిచేస్తుందా, మానేయొచ్చా" అని ఎవరైనా అడిగితే, "డాక్‌ని అడగండి" అనాలి. రోజుకి ముప్ఫైసార్లు ఆ మాట అనడం జెరికాకి మహా చిరాకు. తనకి జవాబు తెలిసినప్పుడు మరీ చిరాకు.

నాలుగేళ్ల కిందట ఒకసారి అనలేదు. ఈ కథంతా అక్కడే మొదలైంది.

ఆ రోజు ఓవా రిచీ వచ్చింది. ఎనభై దాటిన మనిషి, కోన చివర ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. జెరికాకి చుట్టరికమేమీ లేకపోయినా మామ్మ అనే పిలుస్తుంది, ఊళ్లో సగంమంది అలాగే పిలుస్తారు. టీవీలో చూసి తెప్పించుకున్న నిద్రమాత్రల సీసా ఒకటి కౌంటర్ మీద పెట్టింది.

"ఇది మంచిదేనంటావే పిల్లా? నెల్లాళ్లుగా మింగుతున్నా, కంటి మీద కునుకు లేదు."

డాక్ వెనకాల ఫోన్లో ఉన్నాడు. జెరికా సీసా తిప్పి చూసింది. అందులో మందనేదే లేదు. మందు లేని ఉత్త బిళ్లని చదువుకున్నవాళ్లు షుగరు మాత్ర అంటారు, పంచదార తప్ప అందులో ఏమీ ఉండదని. ఆ మాట జెరికా కాలేజీలో నేర్చుకుంది. ఆ నాలుగేళ్లలో నేర్చుకుని గుర్తుపెట్టుకున్న కొద్ది మాటల్లో అదొకటి. గొప్పగా వాడేసింది.

"ఇది ఉత్త షుగరు మాత్ర మామ్మా. దండగ. పారెయ్యి."

"అంతేనంటావా?"

"అంతే. దీనివల్ల నీకు ఒరిగేదేం లేదు."

మా కొండల్లో డయాబెటిస్ అనే మాట డాక్టర్ల నోట్లోనే ఉంటుంది. మనుషులకి వచ్చేది షుగరు. దానికి వేసుకునేది షుగరు మాత్ర. ఈ సంగతి జెరికాకి తెలియదా? ఆమె మేనత్తలిద్దరికీ షుగరే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వింటున్న మాటే. కానీ ఆ ఒక్క నిమిషం కాలేజీ నాలుకతో మాట్లాడింది. ఓవా మామ్మ ఇంటికెళ్లి పారేసింది. టీవీ మాత్రల్ని కాదు.

ఐదు వారాలు గడిచాయి. ఒక బుధవారం జెరికా అలమారలో ఎవరూ పట్టుకెళ్లని సంచీలు సర్దుతుంటే ఓవా మామ్మ పేరు కనబడింది. బీపీ మాత్రలు తీసుకెళ్లింది, షుగరువి అలాగే ఉన్నాయి. ఫోన్ చేసింది.

"షుగరు మాత్రలు పట్టుకెళ్లలేదేం మామ్మా?"

"నువ్వే కదే పారెయ్యమన్నావు. దండగన్నావుగా."

జెరికా ఫోన్ పెట్టేసింది. తర్వాత డాక్‌తో ఒక్క ముక్క చెప్పి, కారు తీసి, కోన పైకి ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. ఓవా మామ్మ అరుగు మీద కుర్చీలో కూర్చుని గాజు కూజాతో నీళ్లు తాగుతోంది. పక్కన ఖాళీ కూజాలు మూడు. కళ్లు మసకలుగా ఉన్నాయి, జెరికాని ఎప్పుడో పోయిన తన చెల్లెలి పేరు పెట్టి పిలిచింది. జెరికా ఆమె వేలు గుచ్చి మీటరు పెట్టింది. అంకె రాలేదు. హెచ్, ఐ అని రెండక్షరాలు వచ్చాయి. కొలతకి అందనంత ఎక్కువ అని దానర్థం.

మామ్మ కళ్లు చికిలించి చూసింది. "హాయ్ అంటోందే! చూడు, పలకరిస్తోంది నన్ను."

ఆమె నవ్వుతుంటే జెరికా కారు తాళాలు తీసింది. అంబులెన్సు కోసం ఆగలేదు. ఓవా మామ్మని కారులో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది.

మామ్మ ఐదు రోజులుండి, ఆసుపత్రి తిండిని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. ఊళ్లో కథ మాత్రం వేరే తయారైంది. అలమారలో ఒక్క సంచీ చూసి జెరికా పసిగట్టేసిందట, కారేసుకుని వెళ్లి ప్రాణం కాపాడిందట. ఆదివారం చర్చిలో పాస్టరు లేచి నిలబడమన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఓవా మామ్మ ఎండబెట్టిన యాపిల్ ముక్కలతో ఏడు పొరల కేకు చేయించి పంపింది. "నాకే సరిగ్గా వినబడలేదు, దానిదేం తప్పు" అని అందరికీ చెప్పింది. జెరికా తలొంచుకుని కూర్చుంటే, ఎంత వినయమో అనుకున్నారు.

జరిగింది జరిగినట్టు డాక్ ఒక్కడికే చెప్పింది, మామ్మని ఆసుపత్రిలో చేర్చిన రోజు సాయంత్రమే. ఆయన కేకలేయలేదు. మర్నాటినుంచి నెల్లాళ్లపాటు, తను ఎవరితో మందు గురించి మాట్లాడినా జెరికాని పక్కన నిలబెట్టుకున్నాడు. నోరు విప్పకుండా వినడమే ఆమె పని. ఆయన ఎవరికైనా మందు చెప్పాక "ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఇది దేనికి?" అని అడిగేవాడు. వాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పేదాకా సంచీ ఇచ్చేవాడు కాదు. ఇన్నేళ్లుగా అది ముసలాయన చాదస్తమనుకుంది జెరికా. ఆ నెలలో సిగ్గుతో చచ్చిపోయింది. మార్కుల అంకె ఊరందరి మొహాన కొట్టినట్టు చెప్పగలిగిన మనిషి, ఈ ఒక్క సంగతి మాత్రం ఇంకెవరికీ చెప్పలేకపోయింది.

నెల పూర్తయిన రోజు డాక్ దగ్గరికెళ్లింది.

"డాక్, నేను ఫార్మసీ చదువుతాను."

"ఎందుకు?"

"మాట్లాడే హక్కు కావాలి నాకు. సరిగ్గా మాట్లాడ్డం నేర్చుకుని మరీ కావాలి."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఆ ఆర్గానిక్ కెమిస్ట్రీ సంగతి చూడు ముందు."

చూసింది. రెండేళ్లపాటు పక్క ఊరి కమ్యూనిటీ కాలేజీలో, పనయ్యాక సాయంత్రం క్లాసులకి వెళ్లి, తప్పిన సబ్జెక్టూ దాని తర్వాతదీ మళ్లీ చదివింది. రెండింట్లోనూ ఏ గ్రేడే. ఒక్క సోమవారం కూడా మానలేదు. అయితే ఆ దరఖాస్తుల పద్ధతి మహా మొండిది. కొత్త మార్కు వచ్చిందని పాత మార్కు చెరిపెయ్యరు. రెండూ కలిపి సగటు తీస్తారు. అన్నీ కలిపినా జెరికా అంకె రెండు పాయింట్ ఐదు దగ్గర ఆగిపోయింది. కాలేజీలేమో మూడు దాటినవాళ్లనే చూస్తాయి.

పోయినేడాది మొదటిసారి దరఖాస్తు పెట్టినప్పుడు, తెలిసినవాళ్లంతా ఒకటే సలహా. తక్కువ మార్కులకి ఏదైనా పెద్ద కష్టం చూపించాలట, చదివినవాళ్లకి కళ్లు చెమర్చాలట. జెరికా తండ్రి వెర్నన్ బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, నిక్షేపంగా ఉన్నాడు. కూతురు కాగితం ముందు బుర్ర గోక్కుంటుంటే పక్కనొచ్చి కూర్చున్నాడు.

"నన్ను చంపేసెయ్యమ్మా. నాకేం అభ్యంతరం లేదు."

"నాన్నా!"

"పోనీ నడుం విరగ్గొట్టు. నిజంగానే పట్టేసిందిగా ఆమధ్య."

ఆ నడుం నొప్పినే తన కాలేజీ రోజులకి జరిపి, కొంచెం పెద్దది చేసి రాసింది. నాలుగు కాలేజీలూ వద్దన్నాయి. మాట్లాడ్డానికైనా పిలవలేదు. ఆ ఉత్తరాలు చదివి జెరికా ఏడవలేదు, తన మీద తనకే ఒళ్లు మండింది. అబద్ధమాడి మరీ ఓడిపోవడమేమిటి?

ఈలోగా డాక్ ఒక మాటన్నాడు. "నాకు డెబ్భై ఒకటి. ఐదేళ్లు లాగుతాను. ఆ తర్వాత ఈ మోకాళ్లు నిలబడవు." ఆయన మూసేస్తే మందుల కోసం కొండ దాటి నలభై నిమిషాలు పోవాలి. ఓవా మామ్మలాంటివాళ్లు పోరు, మానేస్తారు. ఫార్మసీ చదువు నాలుగేళ్లు. అంటే ఈసారి రాకపోతే ఇక వచ్చీ లాభం లేదు. రెండోసారి దరఖాస్తులో జెరికా నాలుగే వాక్యాలు రాసింది. నాకు ఇంటి బెంగ. ప్రతివారం ఇంటికెళ్లాను. సోమవారం క్లాసులు పోయాయి. తప్పు నాది.

ఒక్క కాలేజీ పిలిచింది.

ఫిబ్రవరిలో, చావులకి వేసుకునే నల్ల కోటు వేసుకుని వెళ్లింది. ఉన్నది అదొక్కటే మరి. ఎదురుగా డాక్టర్ విట్లాక్ అనే ప్రొఫెసర్. యాభై ఏళ్లుంటాయి, సూటిగా చూసే మనిషి. ఆమె ముందు కాగితాల దొంతర.

"మీ మార్కుల గురించి మీకు నేను చెప్పక్కర్లేదనుకుంటాను."

"అక్కర్లేదు మేడమ్. మా ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు."

విట్లాక్ పెదాలు కొంచెం కదిలాయి. "బెంగ అని రాశారు. ఇక్కడ నాలుగేళ్లుండాలి. మళ్లీ బెంగ పెట్టుకోరని ఏమిటి నమ్మకం?"

"పెట్టుకుంటాను మేడమ్. అది పోయేది కాదు. కానీ అప్పుడు చదువొదిలేసి ఇంటికెళ్లాను. ఇప్పుడు ఇంటికెళ్లడానికే చదువుకోవాలి. పట్టా లేకుండా వెళ్తే అక్కడ నాకు పని ఉండదు, మావాళ్లకి మందుండదు."

విట్లాక్ ఏదో రాసుకుంది. తర్వాత దొంతరలోంచి ఒక కాగితం పైకి తీసింది. దరఖాస్తుకి తోడుగా డాక్ పంపిన సిఫారసు ఉత్తరం అది, ఆయన అక్షరాలు జెరికా తలకిందులుగా కూడా గుర్తుపట్టగలదు.

"ఓవా రిచీ అనే ఆవిడ గురించి చెప్పండి."

జెరికా ఆ కాగితం వంక చూసింది. డాక్ రాసేశాడు. ఏం రాశాడు? ఊరి కథే రాసి ఉంటాడు, ఇంకేం రాస్తాడు? తనని గట్టెక్కించడానికి, ప్రాణం కాపాడిన పిల్ల అని రాసి ఉంటాడు. ఇప్పుడు నిజం చెప్తే తన తప్పు ఎలాగూ బయటపడుతుంది, పైగా డాక్ అబద్ధాలకోరవుతాడు. తనకున్న ఒకే ఒక మంచి కాగితం చెత్తబుట్ట పాలవుతుంది. చప్పట్లు కొట్టిన కథ చెప్తే చాలు. ఊరందరికీ తెలిసిన కథ, ఎవరైనా సాక్ష్యం చెప్తారు.

పోయినసారి అబద్ధమాడి ఓడిపోయిన సంగతి గుర్తొచ్చింది. ఈసారి ఓడిపోయినా నిజంతోనే ఓడిపోదామనుకుంది.

"ఆవిడ్ని చంపబోయాను మేడమ్" అంది.

మొత్తం చెప్పింది. టీవీ సీసా, తన కాలేజీ మాట, ఖాళీ కూజాలు, హాయ్ అన్న మీటరు. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

అంతా విని విట్లాక్ అడిగింది. "ఆవిడ పొరపాటుగా అర్థం చేసుకుంది, అంతేగా?"

"లేదు మేడమ్. ఆవిడ సరిగ్గానే అర్థం చేసుకుంది. షుగరు మాత్ర పారెయ్యమన్నాను, షుగరు మాత్రే పారేసింది. మాట తప్పుగా వాడింది నేను. ఆ కొండల్లో పుట్టి కూడా."

విట్లాక్ కాగితం మడిచి దొంతర అడుగున పెట్టేసి, మంచిది, కబురు చేస్తాం అంది. మూడు గంటల దారిలో జెరికా రేడియో కూడా పెట్టుకోలేదు. చిత్రమేమిటంటే, సీటు పోయిందనే అనుకుంది గానీ, నాలుగేళ్లలో అంత తేలిగ్గా ఎప్పుడూ లేదు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం షాపుకే ఫోనొచ్చింది. విట్లాక్.

"మీకు సీటిస్తున్నాం. ఒక షరతుంది, మొదటి ఏడాది ఒక్క సబ్జెక్టులోనూ బీ గ్రేడు కంటే తగ్గకూడదు."

"తగ్గను మేడమ్" అంది జెరికా. అనుమానం లేకుండా అంది.

"ఇంకొకటి. మీ డాక్ రాసిన ఉత్తరం మీకు చూపించకూడదు. చివరి రెండు వాక్యాలేమిటో ఆయన్నే అడగండి."

ఫోన్ పెట్టేసి గిరుక్కున తిరిగింది. డాక్ పళ్ళెం ముందు నిలబడి ఉన్నాడు. బద్దతో ముప్ఫై, ముప్ఫై ఐదు అని జరుపుతున్నాడు. జెరికా నోరు తెరిచి, మూసేసుకుంది. చట్టం చట్టమే. నలభై. నలభై ఐదు. ముసలాయన కావాలనే నెమ్మదిగా లెక్కపెడుతున్నాడని ఆమెకి బలమైన అనుమానం. తొంభైకి వచ్చాక సీసాలో పోసి, మూత బిగించి, తలెత్తాడు.

"ఇచ్చారా?"

"ఇచ్చారు. మీరేం రాశారు డాక్? చివర్లో?"

"ఓవా సంగతి అడగమన్నాను. ఆమెని కాపాడానని చెప్తే ఈ అమ్మాయిని తీసుకోవద్దన్నాను. తను చేసింది చెప్తే మాత్రం, ఇంతకంటే మంచి మనిషి మీకు దొరకదన్నాను."

జెరికా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నేను ఊరి కథ చెప్పుంటే?"

"చెప్పవు. నలభై నాలుగేళ్లుగా మనుషుల్ని చూస్తున్నానమ్మాయ్, ఆమాత్రం తెలీదా" అని ఇంకో సీసా అందుకున్నాడు.

అప్పుడే తలుపు గంట మోగింది. ఓవా మామ్మ, కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. జెరికా కౌంటర్ దాటి ఎదురెళ్లింది. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"మామ్మా, నీతో ఒక మాట చెప్పాలి. ఆ రోజు నీకు సరిగ్గానే వినబడింది. తప్పు నీ చెవులది కాదు. నేనే షుగరు మాత్ర పారెయ్యమన్నాను."

"తెలుసు."

"తెలుసా?"

"నాకు చెవుడు ఎడమ పక్కనే. నువ్వు కుడి పక్క నిలబడి చెప్పావు." మామ్మ కర్ర మీద వాలింది. "నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా. నాలుగేళ్లు పట్టిందే నీకు."

"మరి ఊరందరికీ వినబడలేదని చెప్పావే?"

"నీ ఉద్యోగం ఊడితే నన్ను మోసుకెళ్లేదెవరు?"

జెరికా వంగి ఆమెని గట్టిగా కౌగిలించుకుంది. మామ్మ కాసేపు ఓర్చుకుని, "వదులు, వదులు, ఎముకలు" అంది. తర్వాత సంచీలో చెయ్యి పెట్టి, టీవీలో చూసి తెప్పించిన కొత్త సీసా ఒకటి తీసింది. ఈసారి మోకాళ్లకట.

"ఇది మంచిదేనంటావే?"

జెరికా సీసా అందుకుని తిప్పి చూసింది. లోపలేముందో చదివింది, జవాబు తెలిసింది. సీసా మళ్లీ మామ్మ చేతిలో పెట్టింది.

"డాక్‌ని అడుగు మామ్మా. నాలుగేళ్ల తర్వాతైతే నన్నడుగు."

"నాలుగేళ్లా? అప్పటికి నేనుంటానో లేదో."

"ఉంటావు" అంది జెరికా. "షుగరు మాత్ర వేసుకో."